టైరు పేలిన తప్పు టైరుదేనా?

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పేపరు తెరిస్తే జిల్లా పేజీలో తరచు కనబడే వాక్యం ఒకటి వుంది. "టైరు పేలి అదుపు తప్పిన కారు కాలువలోకి దూసుకుపోయింది." చదువుతాం, అయ్యో పాపం అనుకుంటాం, పేజీ తిప్పేస్తాం. ఆ వాక్యాన్ని ఒకసారి మన తెలుగు మేష్టారి దగ్గరికి పట్టుకెళ్ళి, ఇందులో కర్త ఎవరండీ అని అడగండి. పేలింది టైరు. అదుపు తప్పింది కారు. దూసుకుపోయింది కూడా కారే. వాక్యం మొత్తంలో మనిషన్నవాడు లేడు. పోయిన ప్రాణాలు మాత్రం మనుషులవి!

ఆ వాక్యం మీదే నా అభ్యంతరం. టైరు పేలడం పిడుగు పడడం లాంటిది కాదు. చాలా సందర్భాల్లో అది వారాల ముందు నుంచీ మనకి చెబుతూనే వుంటుంది, మనమే వినం. పోనీ, పేలిందనుకుందాం. పేలిన ప్రతి బండీ కాలువలోకి వెళ్ళి తీరాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఆ నాలుగైదు క్షణాల్లో స్టీరింగు దగ్గరున్న మనిషి చేసే పనిని బట్టి వుంటుంది. ఈ రెండు సంగతులూ నాకు క్లాసులో తెలియలేదు. ఒక సాయంత్రం మోపిదేవి దాటిన తర్వాత రోడ్డు మీద తెలిశాయి. ముందు ఆ కథ చెబుతాను. అందులో నేను హీరోని కాను, విలన్ని.

నిరుడు కార్తీకంలో వనభోజనాలకని బందరు నుంచి పధ్నాలుగు మందిమి హంసలదీవి వెళ్ళాం. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూడాలని సరదా. బండి తొమ్మిది మందికి. "సర్దుకుంటాం లెండి" అన్నాం. బేరం కూడా గట్టిగానే ఆడాం. ఓనరు చెప్పినదాంట్లో ఐదొందలు తగ్గించేదాకా వదల్లేదు. తగ్గించినవాణ్ణి భుజం తట్టాం కూడా. పైన కేరేజీ మీద వంట సామాను, నీళ్ళ డబ్బాలు. డ్రైవరు యాభై దాటిన మనిషి. బయల్దేరే ముందు వెనక టైరుని కాలితో ఒకసారి తన్ని చూసి, ఏదో చెప్పబోయి వూరుకున్నాడు. పాటలు పెట్టించే హడావుడిలో మేమెవరం పట్టించుకోలేదు.

తిరుగు ప్రయాణం. చీకటి పడబోతోంది. మోపిదేవి దాటి చల్లపల్లి వైపు వస్తున్నాం. ఎడమ పక్కన కాలువ నిండుగా పారుతోంది. ఉన్నట్టుండి ఢామ్మని చప్పుడు! బండి వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని లాగినట్టు పక్కకి ఊగింది. లోపల అంతా కేకలు. డ్రైవరు పక్క సీట్లో వున్నది నేనే. "బ్రేకెయ్ బాబాయ్, బ్రేకు!" అని అరిచాను. అంతటితో ఆగినా బాగుండేది. చెయ్యి చాచి స్టీరింగు పట్టుకుని కాలువకి అవతలి వైపు లాగబోయాను. ఆయన నా వైపు చూడనైనా చూడకుండా మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. చూపు ఎదర రోడ్డు మీద. రెండు చేతులూ స్టీరింగు మీద. కాలు మాత్రం బ్రేకు మీదకి పోలేదు. బండి రెండుసార్లు పాములా ఊగింది. మూడోసారి ఊగలేదు. వేగం తగ్గి తగ్గి ఎద్దుబండి నడకకి వచ్చాక మెల్లగా ఆపాడు. దిగి చూస్తే మా ఎడమ చక్రానికీ కాలువ నీళ్ళకీ మధ్య నాలుగు గజాలు లేదు.

"బ్రేకేస్తే తిరగబడేది బాబూ" అన్నాడాయన బీడీ వెలిగించుకుంటూ. చెయ్యి అప్పుడు వణికింది. "నువ్వు లాగినట్టు లాగినా తిరగబడేదే. పేలినప్పుడు బండితో పోట్లాడకూడదు. పట్టుకుని వుండాలంతే."

టార్చి వేసి టైరు చూపించాడు. గుండు టైరు. అరిగిన చోట లోపలి దారాలు బయటపడి వున్నాయి. "రెణ్ణెల్ల నుంచి ఓనరుకి చెబుతూనే వున్నా. ఈ కార్తీకం గడవనీ అంటాడు. మీరు తగ్గించిన ఐదొందలు ఎక్కడ తగ్గుతాయనుకున్నారు? ఆయన జేబులోనా? ఇదిగో, ఇక్కడ తగ్గుతాయి."

పధ్నాలుగు మందిలో ఒక్కరం నోరెత్తలేదు.

ఆ వారమే పామర్రులో మా మేనమామ దగ్గరికి వెళ్ళాను. ఆయనకి చాలా ఏళ్ళుగా పంక్చరు షాపు. "టైరెందుకు పేలుతుంది మావయ్యా?" అంటే నవ్వాడు. "గాలి ఎక్కువై పేలుతుందనుకుంటున్నావా? అందరూ అలాగే అనుకుంటారు. నా దగ్గరికొచ్చే పేలిన టైర్లలో గాలి చాలక పోయినవే ఎక్కువ అల్లుడూ."

ఫిజిక్సు చదువుతున్నవాణ్ణయి వుండీ నాకిది తట్టలేదు. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టులోనూ ఎక్కువగా నలుగుతుంది. ఒక తీగని అటూ ఇటూ వంచుతూ వుంటే వంపు దగ్గర వేడెక్కి తెగిపోతుంది చూడండి, ఇదీ అంతే. కారు చక్రం కిలోమీటరుకి సుమారు ఐదొందల సార్లు తిరుగుతుంది. బందరు నుంచి బెజవాడ వెళ్ళేసరికి ఎన్ని వేలసార్లు నలుగుతుందో లెక్క వేసుకోండి. ఆ వేడికి రబ్బరుకీ లోపలి దారాల పొరలకీ పట్టు వదులుతుంది. దానికి బరువు తోడైతే, వేగం తోడైతే, ఎండ తోడైతే ఇంకేం కావాలి?

అందుకే ఎండాకాలంలో "టైర్లు పేలతాయి, కాస్త గాలి తీసి వుంచు" అనే సలహా ప్రాణాంతకం. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే మాట నిజమే గాని, గాలి తీసేస్తే టైరు చల్లబడదు, ఇంకా వేడెక్కుతుంది. కంపెనీవాడు చెప్పిన గాలిని, బండి కదలకముందు, టైరు చల్లగా వున్నప్పుడు చూసి పెట్టించాలి. ఆ అంకె ఎక్కడుంటుందంటారా? డ్రైవరు తలుపు తీస్తే ఆ అంచున అంటించి వుంటుంది. మనలో ఎంతమందిమి చదివాం?

ఇది మన వూళ్ళ గోల మాత్రమే అనుకోకండి. అమెరికాలో 2000 సంవత్సరంలో ఫైర్‌స్టోన్ కంపెనీ దాదాపు 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. నడుస్తున్న బళ్ళ టైర్లు పొరలు విడిపోయి వందల మంది చనిపోయారు. టైరు తయారీలోనే లోపం వుందన్నారు. ఎండ మండే దక్షిణ రాష్ట్రాల్లోనే ప్రమాదాలు ఎక్కువ. గాలి తక్కువ పెట్టమన్న సలహా మీదా పెద్ద రగడ జరిగింది. ఆ ఏడే వాళ్ళు చట్టం చేశారు. గాలి తగ్గితే డ్రైవరు ముందు దీపం వెలిగే ఏర్పాటు కొత్త కార్లకి తప్పనిసరి అయింది ఆ చట్టం వల్లే. అక్కడ కూడా "ఖర్మ" అని వూరుకుని వుంటే ఆ దీపం వెలిగేదా?

మన డెల్టాకి ప్రత్యేకమైన కారణాలు కొన్ని వున్నాయి. దమ్ము చక్రాలతోనే ట్రాక్టరుని తారు రోడ్డెక్కిస్తాం. అంచులు కోసుకుపోయి కత్తుల్లా తేలతాయి. మాసూళ్ళ రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తాం. ఆ రాయి మీదకి ఎక్కిన టైరు అప్పుడే పేలదు. లోపల దారం తెగి, పక్కగోడ మీద చిన్న బొబ్బలాగా లేస్తుంది. నెల తిరిగాక ఎక్కడో ఎనభై వేగంలో పేలుతుంది. రైతుని నేను తప్పు పట్టడం లేదు. కల్లం లేనివాడు ధాన్యం ఎక్కడ ఆరబోసుకుంటాడు? కాని ఆ బొబ్బ కనబడితే టైరు మార్చాలన్న తెలివి బండి నడిపేవాడికి వుండాలి. ఇక రోడ్ల సంగతి. విజయవాడ నుంచి బందరు దాకా జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. రోడ్డు మారింది, వేగం మారింది, టైరు మాత్రం పాతదే!

చూసుకోవడానికి చదువు అక్కర్లేదు. గాళ్ళ లోతు కార్లకి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని మన దేశపు నిబంధన. కొలబద్ద లేదంటారా? గాళ్ళ అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మలు వుంటాయి. రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే. వయసు కూడా పక్కగోడ మీదే రాసి వుంటుంది. నాలుగంకెలు. 2319 అని వుంటే 2019లో 23వ వారంలో పుట్టిందని అర్థం. ఐదారేళ్ళు దాటిన టైరు పైకి ఎంత నల్లగా నిగనిగలాడినా నమ్మకూడదు. రెండే కొత్త టైర్లు కొనగలిగితే వెనక్కి వేయించుకోవాలి. చాలామంది ముందుకి వేయిస్తారు. వెనక టైరు పోతే తోక తిరిగిపోతుంది, దాన్ని నిలబెట్టడం మరీ కష్టం.

సరే, ఇన్ని చూసుకున్నా మేకు గుచ్చుకోవచ్చు, గాజు పెంకు కోయవచ్చు. పేలింది. అప్పుడేం చెయ్యాలి? మిత్రులారా, ఈ నాలుగు మాటలూ బట్టీ పట్టండి. పరీక్షకి కాదు, ప్రాణానికి.

ఒకటి. స్టీరింగు రెండు చేతులా గట్టిగా పట్టుకుని బండిని తిన్నగా వుంచాలి. ముందు టైరు పోతే బండి ఆ పక్కకే లాగుతుంది. వెనకది పోతే తోక ఊగుతుంది. ఎటు లాగినా కొద్ది కొద్దిగా సర్దుకోవాలి గాని, ఒక్కసారి రెండో వైపుకి తిప్పేయకూడదు. నేను చేయబోయిన పని అదే.

రెండు. బ్రేకు జోలికి పోకూడదు. బ్రేకు వేస్తే బరువంతా ముందుకి పడుతుంది. పేలింది ముందుదైతే ఆ పక్కకి మరింత గుంజుతుంది. వెనకదైతే అసలే పట్టు లేని చక్రం ఇంకా తేలిపోయి బండి గిరుక్కున తిరుగుతుంది. మన కాలు చెప్పేది ఒకటి, బండికి కావలసింది ఇంకొకటి. కష్టమంతా ఇక్కడే.

మూడు. ఎక్సలేటరు మీద నుంచి కాలు ఒక్కసారి పీకేయకూడదు. బండి తిన్నగా నిలబడ్డాక మెల్లమెల్లగా తియ్యాలి. పేలిన టైరే పెద్ద బ్రేకు, అదే వేగం తగ్గిస్తుంది.

నాలుగు. బాగా నెమ్మదించిన తర్వాతే సున్నితంగా బ్రేకు తాకి, సైగ దీపం వేసి, గట్టి నేల చూసి ఆపాలి. రిమ్ము పాడైపోతుందని రోడ్డు మధ్యలో ఆపవద్దు. రిమ్ము కొనుక్కోవచ్చు.

మోటారు సైకిలు మీద వున్నవాళ్ళకి ఇంకో మాట. హేండిలు తిన్నగా పట్టుకోవాలి, గేసు మెల్లగా తగ్గించాలి. పేలిన చక్రానికి బ్రేకు వేయకూడదు. తప్పదనుకుంటే బాగున్న చక్రానికి, అదీ మెల్లగా. ముగ్గురెక్కిన బండి మీద ఇవేవీ సాధ్యం కావు. అందుకే ముగ్గురు ఎక్కకండి. ఇది పోలీసువారి మాట కాదు, తోటి విద్యార్థి మాట.

కాలువ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మన రోడ్లు సగం కాలువ గట్లే. అవనిగడ్డ వెళ్ళే కరకట్ట తీసుకోండి, బందరు కాలువ పక్కన పోయే రోడ్డు తీసుకోండి, ఒక పక్క నీళ్ళో పల్లమో తప్పదు. ఎనభై వేగంలో వున్న బండి సెకనుకి ఇరవై రెండు మీటర్లు పోతుంది. నాలుగు గజాల మార్జిను దానికి ఏ మూలకి? నల్లరేగడి మార్జిను వానాకాలంలో చక్రాన్ని మింగేస్తుంది కూడా. అందుచేత గట్టు రోడ్డు మీద అరవై దాటకపోవడమే అసలు మందు. ఖర్మ చాలక నీళ్ళలో పడితే, బండి వెంటనే మునిగిపోదు. ఒక నిమిషం అటూ ఇటూగా తేలుతుంది. ఆ నిమిషం ఫోను చేయడానికి కాదు. బెల్టు విప్పు, అద్దం దించు, పిల్లల్ని ముందు తోసెయ్, నువ్వు బయటపడు. తలుపు తీయాలని పెనుగులాడవద్దు. బయటి నీటి ఒత్తిడికి అది తెరుచుకోదు. బెల్టు పెట్టుకుంటే నీళ్ళలో ఇరుక్కుంటాం అనేవాళ్ళున్నారు. బెల్టు లేనివాడు పడీ పడకముందే తల కొట్టుకుని స్పృహ తప్పుతాడు. ఇక విప్పుకునేదెవరు?

ఆగిన తర్వాత కూడా ఒక పాపం చేస్తాం. వెనక బళ్ళకి గుర్తుగా చెట్టుకొమ్మ, నాలుగు రాళ్ళు పెడతాం. మంచిదే. స్టెప్నీ మార్చుకుని వెళ్ళిపోయేటప్పుడు రాళ్ళు అక్కడే వదిలేస్తాం. రాత్రి సైకిలు మీద వచ్చే కూలీవాడి సంగతి మనకి పట్టదు.

ఇప్పుడు అసలు వాదానికి వస్తాను. టైరు పేలడం దైవఘటన అనే మాట కోర్టుదాకా వెళ్ళింది. 2010లో పుణే నుంచి బొంబాయి వెళ్తున్న ఒక కారు వెనక టైరు పేలి గోతిలో పడి ఒకాయన చనిపోయాడు. నష్టపరిహారం ఇవ్వవలసిన ఇన్సూరెన్సు కంపెనీ అది దైవికం అని వాదించింది. 2023లో బొంబాయి హైకోర్టు ఒప్పుకోలేదు. టైరు పేలడం మనిషి అజాగ్రత్తేగాని దైవికం కాదని తేల్చింది. అదే ఏడు జూలైలో మహారాష్ట్రలో సమృద్ధి రహదారి మీద బస్సు తగలబడి పాతికమంది మాడిపోయినప్పుడు, టైరు పేలిందని డ్రైవరు చెప్పాడు. రవాణా అధికారులు చూస్తే టైరు పేలిన ఆనవాళ్ళు దొరకలేదు. చూశారా? పేలినప్పుడూ టైరుదే తప్పు, పేలనప్పుడూ టైరుదే తప్పు. నోరు లేనిది గదా!

ఖర్మ అనే మాట దివిసీమవాళ్ళకి చెప్పి చూడండి. 19 నవంబరు 1977 ఉప్పెనలో ఈ తీరాన వేల ప్రాణాలు పోయాయి. 1990 మేలో అంత బలమైన తుఫానే ఈ తీరాన్నే తాకింది. పోయినవారు వెయ్యి లోపే. ఆ వెయ్యీ తక్కువని నేననను. కాని సముద్రం అదే, గాలి అదే. మారిందేమిటి? ముందు హెచ్చరిక, జనాన్ని ముందే తరలించడం, తలదాచుకునే కట్టడాలు. గాలివాననే లెక్కలో పెట్టుకున్న మనం, చక్రంలో వున్న గాలిని లెక్కలో పెట్టుకోలేమా? 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవారు 1,68,491 మంది. ఇన్ని ఉప్పెనలు ఏటా వస్తుంటే మనకి అలవాటైపోయింది.

కొందరు మిత్రులు అంటారు: "ఇవన్నీ చెప్పడానికి బాగానే వుంటాయి. ఢామ్మన్నప్పుడు బుర్ర పనిచేస్తుందా?" పనిచేయదు. నాకు పనిచేయలేదు. అందుకే ముందే చెయ్యికీ కాలికీ నేర్పి వుంచాలంటున్నాను. ఆగివున్న బండిలో కూర్చుని కళ్ళు మూసుకుని పదిసార్లు చేసి చూడండి: పట్టుకో, బ్రేకు వద్దు, మెల్లగా వదులు. ఆ డ్రైవరు బాబాయి బుర్రతో చేశాడా? ఎప్పుడో ఎవరో లారీ క్లీనరుగా వున్న రోజుల్లో నేర్పిన పాఠం ఆయన చేతుల్లో వుండిపోయింది. మన లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె చుట్టిస్తారు, రివర్సు చేయిస్తారు. ఈ ముక్క ఎవరూ అడగరు.

మరికొందరు అంటారు: "ఇది కాలేజీ పనా?" 1910లో ఇదే బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు జాతీయ కళాశాల పెట్టినప్పుడు, చేతిపని కూడా చదువులో భాగమే అన్నారు. నూరేళ్ళు దాటినా మనకింకా సందేహమే!

"టైర్లు ఖరీదు గదా" అన్న మాట ఒక్కటే నన్ను ఆలోచింపజేసింది. నిజమే. కాని ఆ ఖరీదు ఎవరు మోస్తున్నారు? టైరు మార్చే అధికారం ఓనరుది. దాని మీద కూర్చునేది డ్రైవరు. బేరమాడేది మనం. పేపర్లో పేరు పడేది డ్రైవరుది. నోరెత్తితే పని పోతుందని ఆ మనిషి టైరుని ఒక తన్ను తన్ని వూరుకుంటున్నాడు. ఆయన వూరుకోనక్కర్లేకుండా చెయ్యడం ప్రయాణికుల చేతుల్లో వుంది. బండి మాట్లాడేటప్పుడు "ఎంతకొస్తావ్?" అని అడిగే ముందు "టైర్లు చూపించు" అని అడగడం మన నుంచే మొదలవాలి.

అందుచేత మన సంఘం ముందు మూడు కోరికలు పెడుతున్నాను. విహారయాత్రకి బండి కుదిర్చేటప్పుడు టైర్లు చూసి, సీట్లకి మించి ఎక్కబోమని ముందే తీర్మానించాలి. ఏడాదికొక్కరోజు ఒక మెకానిక్కునీ ఒక అనుభవజ్ఞుడైన లారీ డ్రైవరునీ మన కాలేజీకి పిలిచి, శాలువా కప్పి, పాఠం చెప్పించుకోవాలి. ఫిజిక్సు డిపార్టుమెంటువారు గాలి కొలిచే గేజి ఒకటి కొని సైకిలు స్టాండు దగ్గర పెట్టించాలి. దానికి పెద్ద నిధులు అక్కర్లేదు. నిరుడు మేం మిగుల్చుకున్నామనుకున్న ఐదొందలు చాలు.

ఆ రాత్రి పధ్నాలుగు మందిమీ ఇళ్ళకి చేరాం. మర్నాడు పేపర్లో మా గురించి ఏమీ రాలేదు. టైరు పేలింది, డ్రైవరు బండిని నిలబెట్టాడు, పిల్లలంతా అన్నాలు తిని పడుకున్నారు అన్నది వార్త కాదు గదా. అలాంటి వార్త కాని వార్తలు మన జిల్లాలో ఎక్కువ కావాలనే ఈ నాలుగు మాటలు.